నా రూల్స్ వల్ల నిప్పూ నీళ్ళూ ఒకే మాట అయిపోయాయి. ఏం చెయ్యాలి?

చెక్కపలక:

అందరికీ నమస్కారం. ఇక్కడ చదివి వెళ్ళిపోవడమే కానీ రాయడం ఇదే మొదటిసారి. ప్రశ్న కొంచెం విచిత్రంగా ఉంటుంది. నవ్వుకుంటే నవ్వుకోండి, జవాబు మాత్రం చెప్పండి.

మూడేళ్ళుగా ఒక నవల రాస్తున్నాను. కాకినాడలో బ్యాంకు క్యాష్ కౌంటర్‌లో పని. పిల్లాడి హోంవర్క్ అయ్యాక రాత్రి పదిన్నర నుంచి పన్నెండు దాకా నా టైమ్. కథ టియాన్‌షాన్ కొండలకి దక్షిణాన, కూచా ఊరికి ఎగువన ఒక లోయలో జరుగుతుంది. లోయ నా కల్పనే. అక్కడి నాలుగు ఊళ్ళవాళ్ళు ఇప్పటికీ మాట్లాడే భాష కూడా కల్పనే. కుశిన్ అని పేరు పెట్టాను. తోఖారియన్ బి అనే పాత భాషకి మునిమనవరాలు అనుకోండి.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. తోఖారియన్ మన సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఉన్న ఇండో-యూరోపియన్ కుటుంబంలోనే ఒక శాఖ. ఇప్పటి చైనాలోని షిన్‌జియాంగ్‌లో, తక్లమకాన్ ఎడారి ఉత్తరపు అంచున ఉన్న ఒయాసిస్ ఊళ్ళలో మాట్లాడేవారు. ఎ, బి అని రెండు భాషలు. కూచాలో మాట్లాడింది బి. దొరికిన రాతప్రతులు ఎక్కువగా 5 నుంచి 8వ శతాబ్దం మధ్యవి, బ్రాహ్మీ నుంచి పుట్టిన లిపిలో ఉన్నాయి. ఇది ఏ కుటుంబమో 1908లో జీగ్, జీగ్లింగ్ అనే ఇద్దరు జర్మన్ పండితులు తేల్చారు. బౌద్ధ గ్రంథాల్ని చైనీస్‌లోకి తెచ్చిన కుమారజీవుడిది ఈ కూచాయే. నేను ఇందులో పడింది ఆయన గురించి చదువుతూనే. కానీ సూత్రాల కంటే అక్కడ దొరికిన చెక్కపలకలు నన్ను ఎక్కువ లాగాయి. దారి కాపలావాళ్ళకి చూపించే అనుమతి చీటీలు అవి. ఫలానా మనిషి, వెంట ఇంతమంది, ఇన్ని గాడిదలు, ఇన్ని గుర్రాలు. పొద్దున్నించీ ఓచర్లు చూసే మనిషిని కదా, మా చుట్టాలెవరో కనిపించినట్టయింది.

ఇక అసలు గొడవ. 840లో మంగోలియా వైపు ఉయ్‌ఘుర్ల రాజ్యం కూలిపోయాక వాళ్ళు ఇటు దిగారు. ఆ తర్వాత నెమ్మదిగా ఇక్కడి జనమంతా వాళ్ళ తుర్కిక్ (టర్కిష్ కుటుంబం) భాషలోకి మారిపోయారు. నా లోయవాళ్ళు మారలేదు. మారకపోయినా 1200 ఏళ్ళు గడిచాయి కాబట్టి మాటలు అరగాలి. అందుకని నోట్‌బుక్ వెనక పేజీలో నాలుగు రూల్స్ రాసుకున్నాను.

మొదటిది, మాట చివరి పొట్టి అచ్చు రాలిపోతుంది, దాని వెనక సున్నా ఉంటే అదీ పోతుంది. కంతె (నూరు) కాస్తా కంత్. రెండోది, మాట మొదట్లో జంట హల్లులు నిలవవు. తుర్కిక్ భాషలకి అది అలవాటు లేదు కదా, పొరుగువాళ్ళ ప్రభావం అనుకున్నాను. మనం స్కూల్‌ని ఇస్కూలు అన్నట్టే. త్రై (మూడు) తిరై అవుతుంది, శ్త్వెర్ (నాలుగు) ఇశ్త్వెర్, ష్కస్ (ఆరు) ఇష్కస్. మూడోది, మధ్యలో ఉన్న బలహీనమైన ఉకారం పోతుంది. నాలుగోది, ప్వ అనేది వట్టి వ అవుతుంది.

చివరి రెండూ కలిసి నా కొంప ముంచాయి. తోఖారియన్ బిలో నిప్పు అంటే పువర్. నీళ్ళు అంటే వర్. పువర్ నా రూల్స్ గుండా వెళ్తే ప్వర్, తర్వాత వర్! నవల మూడో అధ్యాయంలో ముసలావిడ మనవరాల్ని "వర్ తీసుకురా" అంటుంది. ఏది తేవాలి?

నాలుగో రూల్ కొట్టేద్దామంటే దాని మీద ఇంకో ఇరవై మాటలు నిలబడి ఉన్నాయి. పువర్ ఒక్కదానికి మినహాయింపు ఇద్దామంటే మోసం చేసినట్టుంటుంది. ఇలాంటివి నిజం భాషల్లో జరుగుతాయా? జరిగితే అవి ఏం చేస్తాయి?

ఉప్పుచేప:

ఏమనుకోకండి. మన దగ్గర కొలామి, గదబ లాంటి చిన్న గిరిజన భాషలు ఉండగా లేని లోయకి లేని భాష కట్టి ఏం సాధిస్తారండీ? మూడేళ్ళు మన్యంలో ఒక ఊరికి వెళ్ళి కూర్చుంటే పనికొచ్చే నిఘంటువు ఒకటి తయారయ్యేది.

మాస్టారు (రిటైర్డ్):

ఉప్పుచేప గారూ, మీ బాధ న్యాయమైనదే. కానీ రాత్రి పదిన్నరకి కొలామి ఊళ్ళో ఎవరు మెలకువగా ఉంటారు? ఆ టైమ్‌లో ఆవిడ చెయ్యగలిగింది చేస్తోంది, చెయ్యనివ్వండి.

అమ్మా చెక్కపలకా, నీ రూల్స్ బాగానే ఉన్నాయి. లోపం ఎక్కడంటే వాటికి తేదీలు లేవు. నాలుగూ ఒకే పేజీలో పక్కపక్కన కూర్చున్నాయి కాబట్టి నాలుగూ ఒకే రోజు జరిగినట్టు చూస్తున్నావు. భాషలో ఒక మార్పు కొంతకాలం పనిచేసి ఆగిపోతుంది. తర్వాత వచ్చిన మాటల్ని అది ముట్టుకోదు.

మన ఇంట్లోదే చూడు. చెవిని కన్నడంలో కివి అంటారు. మాట మొదటి ககారం పక్కన ఇ, ఎ లాంటి అచ్చు ఉంటే తెలుగులో అది చ అయింది. మరి కిటికీ ఎందుకు చిటికీ కాలేదు? ఆ రూల్ పని ముగించుకుని వెళ్ళిపోయాక వచ్చింది కాబట్టి.

ఇప్పుడు నీ పువర్ సంగతి. ఉకారం పోవడం నీ ఊహ కూడా కాదు. రాతప్రతుల్లోనే పువర్ అని ఒకచోట, ప్వార్ అని ఇంకోచోట కనిపిస్తుంది. అంటే నీ మూడో రూల్ ఉయ్‌ఘుర్లు రాకముందే మొదలైపోయింది. జంట హల్లుల్ని విడగొట్టే రెండో రూల్ పొరుగువాళ్ళ ప్రభావం అంటున్నావు కాబట్టి 840 తర్వాతది. మిగిలింది నాలుగోది. అది ఎప్పుడు జరిగిందో నువ్వే చెప్పాలి. ఉయ్‌ఘుర్ల తర్వాత అంటావా, అప్పటికే ప్వర్ విడిపోయి పివర్ అయి ఉంటుంది, నీ సమస్యే లేదు. ముందే జరిగిందంటావా, వర్ అయి కూర్చుంటుంది.

కానీ పివర్ దగ్గర ఆగిపోకు, అది పిరికి పరిష్కారం. ఢీకొననివ్వు.

ఒకే మాట రెండు పనులు చెయ్యడం మామూలే. కుడి చెయ్యి అన్నప్పుడు చెయ్యి, పని చెయ్యి అన్నప్పుడు చెయ్యి. తమిళంలో మొదటిది కై, రెండోది సెయ్, వేరువేరు మాటలు. మనకి ఒకటైపోయాయి. ఎవరైనా ఇబ్బంది పడ్డారా? లేదు, ఎందుకంటే ఒకటి నామవాచకం, ఒకటి క్రియ. వాక్యంలో రెండూ ఒకే కుర్చీలో కూర్చోవు. నిప్పూ నీళ్ళూ అలా కాదు. రెండూ ఒకే కుర్చీ కోసం కొట్టుకుంటాయి. "తీసుకురా", "జాగ్రత్త", "పోసెయ్", "ఆర్పెయ్", అన్నీ పొయ్యి దగ్గరి మాటలే. ఇలా ఢీకొన్నప్పుడు ఒకటి తప్పుకుంటుంది.

నైరుతి ఫ్రాన్స్‌లోని గాస్కొనీలో సరిగ్గా ఇదే జరిగింది. ఇది భాషాశాస్త్రంలో బాగా పేరున్న ఉదాహరణ. లాటిన్‌లో కోడిపుంజు గల్లుస్, పిల్లి కత్తుస్. అక్కడ మాట చివరి ల్ల కాస్తా త్ అయిపోవడంతో రెండూ గత్ అయ్యాయి. కోళ్ళగూడు ఉన్న ఇంట్లో పుంజుకీ పిల్లికీ ఒకే మాట ఉంటే ఎలా కుదురుతుంది? పిల్లి తన పేరు ఉంచుకుంది. పుంజుకి కొన్ని ఊళ్ళలో ఫెజంట్ పక్షి పేరు పెట్టారు, కొన్నిచోట్ల చర్చిలో చిన్న పాదిరీని పిలిచే మాటతో పిలిచారు. ఎర్ర తురాయి పెట్టుకుని పొద్దున్నే అరుస్తుంది కదా! ఆ హాస్యం ఏ రూలూ పుట్టించలేదు, జనం పుట్టించారు. నీ లోయలో ఎవరు తప్పుకుంటారు, నిప్పా నీళ్ళా?

ఇంకొకటి. అంకెలన్నీ శుభ్రంగా తోఖారియన్ నుంచే దించుతున్నట్టున్నావు. యూరప్‌లోని రోమా (జిప్సీ) జనం మాట్లాడే రోమానీ భాష చూడు. మన దేశం నుంచి వెళ్ళిందే. యేఖ్, దుయ్, త్రిన్ అని ఆరు దాకా మన చుట్టాలు, ఏడు, ఎనిమిది, తొమ్మిది మాత్రం ఎఫ్తా, ఓఖ్తో, ఎన్యా. మూడూ దారిలో గ్రీకువాళ్ళ దగ్గర పట్టుకున్నవి. పదికి మళ్ళీ దెష్! ఇంత అందమైన అతుకు కుర్చీలో కూర్చుని ఎవరూ ఊహించలేరు. నీ లోయ సంతకి వెళ్ళే లోయ అయితే పెద్ద అంకెలు ఉయ్‌ఘుర్‌వి ఉండాలి.

విభక్తుల్లో మాత్రం నీకు పని సులువు. తోఖారియన్‌లో చాలా విభక్తి ప్రత్యయాలు మనవాటిలాగే మాట వెనక అతుక్కుంటాయి. ఒస్త్ అంటే ఇల్లు, ఒస్త్‌నె అంటే ఇంట్లో. రెండు మూడు పేర్లు వరసగా వస్తే ప్రత్యయం చివరిదానికి ఒక్కదానికే తగిలిస్తారు, మనం "రాళ్ళు, మట్టితో కట్టిన గోడ" అన్నట్టు. యూరప్‌లో పుట్టి ఇది నేర్చుకునేవాళ్ళు ఇక్కడ కాసేపు ఆగుతారు. నువ్వు ఆగనక్కర్లేదు.

గోర్ పిల్లగాడు:

అక్కా, నాకు తోఖారియన్ తెల్వదు. మాది మహబూబాబాద్ దిక్కు ఒక తండా. చిన్న భాష ఇంట్లో ఎట్లుంటదో చెప్తా, పనికొస్తే తీసుకో.

మీ లోయవాళ్ళు తమని తాము ఏమంటారు? బయటివాళ్ళు ఏమంటారు? రెండూ ఒకటే అని రాస్తే నేను నమ్మను. మమ్మల్ని అందరూ లంబాడీ అంటారు. మేం మమ్మల్ని గోర్ అనుకుంటాం, మా మాట గోర్‌బోలి. మాది కానోళ్ళు కోర్. ఒక్క అక్షరం తేడా. చిన్నప్పుడు బస్సులో ఎవరన్నా ఎక్కితే మా నాయనమ్మ మెల్లగా "కోర్" అనేది, అంతే, మేం గొంతు తగ్గించేది.

మా ఇంట్లో అమ్మ యాడి. ఆ మాట పోదు. లెక్క ఏక్, ది, తీన్ అని మొదలుపెడతాం. ఆవుల్ని, మేకల్ని నాయనమ్మ మా భాషలోనే లెక్కబెట్టేది. పైసలు మాత్రం తెలుగులో. ఎందుకంటే పైసలు తెలుగోళ్ళ దుకాణంలో ఖర్చయితయి. నేనైతే ఇరవై దాటితే తెలుగే. మాస్టారు చెప్పింది కరెక్టే, కానీ ఒక్క మనిషి నోట్లోనే రెండు లెక్కలుంటయని కూడా రాయి. ఏది లెక్కబెడుతున్నమన్నదాన్ని బట్టి భాష మారుద్ది.

ఇంకోటి. మా నాయనమ్మ వాడిన కొన్ని మాటలకి నాకు అర్థం తెల్వదు, వాడుతా. పాటలో వస్తయి, పాడుతా. అడిగితే "గట్లనే అంటరు" అంటది. మీ నవలలో అందరికీ అన్ని మాటలూ అర్థమైతున్నట్టుంటే అది పుస్తకం భాష అయితది, తండా భాష కాదు.

దుషాంబే స్టెతస్కోప్:

హాయ్ మేడమ్, నేను తజికిస్తాన్‌లో ఎంబీబీఎస్ నాలుగో సంవత్సరం. మాది ఏలూరు. మీరు ఊహిస్తున్నదానికి చాలా దగ్గరగా నిజంగానే ఒకటి ఉంది: యఘ్నోబీ. పాత సిల్క్ రోడ్ మీద వ్యాపారమంతా నడిపిన సోగ్డియన్ల భాష ఎప్పుడో పోయింది. దాని దగ్గరి చుట్టం ఒకటి ఇక్కడ యఘ్నోబ్ నది లోయలో మిగిలిపోయింది. కొండలే కాపాడాయి.

కానీ కొండలు కాపాడినంత మాత్రాన సరిపోలేదు. 1970లో సోవియట్ ప్రభుత్వం ఆ లోయ జనాన్ని హెలికాప్టర్లలో ఎక్కించి జఫరాబాద్ వైపు పత్తి పొలాలకి తరలించింది. మంచు మీద బతికినవాళ్ళు ఎండకి తట్టుకోలేక చాలామంది చనిపోయారు. కొన్ని కుటుంబాలు తర్వాత వెనక్కి వెళ్ళాయి. మీ నవలలో లోయ 1200 ఏళ్ళు ప్రశాంతంగా ఉందా? అలా ఉండే ఛాన్స్ చాలా తక్కువ.

నాకు బాగా నచ్చిన విషయం ఒకటి చెప్తాను. ఒక్కటే లోయ, అందులోనే రెండు యాసలు. రోజుకి పడమటివాళ్ళు మేత్ అంటారు, తూర్పువాళ్ళు మేస్. పాత థకారం ఒక చోట త అయింది, ఒక చోట స అయింది. మీ నాలుగు ఊళ్ళకీ రూల్స్ ఒకటే ఎందుకుండాలి? పై రెండు ఊళ్ళలో పివర్, కింది రెండు ఊళ్ళలో వర్ అనొచ్చు కదా. కింద ఊరి కోడలు పై ఊరికి వెళ్ళి నిప్పు అడిగితే నీళ్ళు తెచ్చిచ్చారనుకోండి, మీకు సీన్ రెడీ.

ఇంకా, పాత సంస్కృతంలో భూతకాలానికి క్రియ ముందు అ వస్తుంది కదా (గచ్ఛతి, అగచ్ఛత్), యఘ్నోబీలో ఆ అ ఇప్పటికీ ఉంది! చుట్టుపక్కల తాజిక్‌లో లేదు. మాటలు మాత్రం సగం తాజిక్‌వే అనిపిస్తాయి. అంటే వ్యాకరణంలో ఒక పాత మేకు గట్టిగా దిగిపోయి ఉంటుంది, చుట్టూ గోడంతా కొత్త ఇటుకలు.

చెక్కపలక:

నాలుగు రోజులు జవాబివ్వలేదు, క్షమించండి. నెలాఖరు, కౌంటర్ దగ్గర ఊపిరాడలేదు.

ముందు ఉప్పుచేప గారికి. మీరన్నది నాకు గుచ్చుకుంది. నిజంగానే నా దగ్గర జవాబు లేదు. ఒకటి మాత్రం చెప్పగలను. ఈ కుశిన్ మొదలుపెట్టకముందు నాకు గదబ అనే మాట వినపడినా అది ఒక భాష అని ఆగి ఆలోచించేదాన్ని కాదు.

తమ్ముడూ, కోర్ అన్న మాట చదివి నోట్‌బుక్ మూసేశాను. మా వాళ్ళకి పేరొక్కటే ఉంది. కూచాకి పాత భాషలో కుశి అనే మాట నుంచి కుశిన్ అని తెచ్చుకుని మురిసిపోయాను, బయటివాళ్ళు ఏమంటారో ఆలోచించనే లేదు. తోఖారియన్ అన్న పేరు కూడా పండితులు పెట్టిందే కదా. 1907లో ఉయ్‌ఘుర్ రాతప్రతిలో ఒక మాట చూసి, గ్రీకులు రాసిన తోఖారోయ్ వీళ్ళేనని అనుకున్నారు. ఆ తోఖారోయ్ ఉన్నది బాక్ట్రియాలో, ఎక్కడో పడమర. పేరే పొరపాటున అతుక్కుపోయింది. కాబట్టి కింద సంతలో ఉయ్‌ఘుర్లు మా వాళ్ళని "పైవాళ్ళు" అని మాత్రమే అంటారు. అంతకంటే పేరు పెట్టేంత పట్టించుకోలేదు. ఇది నాకు కాస్త నొప్పిగానే ఉంది, అందుకే ఉంచేస్తున్నాను.

ఇక నిప్పు. మాస్టారూ, ఢీకొననిచ్చాను. నాలుగో రూల్ ముందే జరిగింది, 8వ శతాబ్దంలో. నీళ్ళు వర్‌గానే మిగిలాయి, ఎందుకంటే మా లోయలో నీళ్ళ పక్కన ఇంకో మాట పెట్టే ధైర్యం ఎవరికీ లేదు, పొలమంతా కాలువ మీదే. నిప్పే తప్పుకుంది. ముందు ఉయ్‌ఘుర్ నుంచి ఓత్ తీసుకుందామనుకున్నాను. తీరా చూస్తే ఉయ్‌ఘుర్‌లో ఓత్ అంటే నిప్పూ, గడ్డీ కూడా! ఒక గొయ్యిలోంచి తీసి ఇంకో గొయ్యిలో వేసినట్టే. అరగంట ఒక్కదాన్నే నవ్వాను, మా ఆయన లేచి వచ్చి ఏమైందని అడిగారు.

అప్పుడు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. రాత్రిపూట పాము అననిచ్చేది కాదు, పురుగు అనమనేది. దీపం ఆరిపోయింది అనకూడదు, కొండెక్కింది అనాలి. నిప్పుని కూడా పేరు పెట్టి పిలవకూడదని మా లోయ ముసలమ్మలు ఎందుకనుకోరు? తోఖారియన్ బిలో ఎరుపు అంటే రత్రె. చివరి అచ్చు పోతే రత్ర్, నోరు తిరగదు కాబట్టి రతర్. "ఎర్రది." అందరూ నిప్పుని రతర్ అనే అంటారు. మనవరాలు తడుముకోకుండా తెచ్చేస్తుంది.

పై ఊళ్ళలో పివర్ ఉంది, స్టెతస్కోప్ తమ్ముడి సలహా. కోడలి సీన్ కూడా రాసేశాను, అడక్కుండానే కొట్టేశాను, థాంక్స్.

పాత పువర్ కింది ఊళ్ళలో ఒకే ఒక్కచోట మిగిలింది. వంటింటిని వరొస్త్ అంటారు. పువర్, ఒస్త్ కలిపి, నిప్పు ఇల్లు. కానీ ఇప్పుడు వర్ అంటే నీళ్ళే కదా, పిల్లలందరూ దాన్ని నీళ్ళ ఇల్లు అనుకుంటారు. కడవలు అక్కడే పెడతారు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. గోర్ పిల్లగాడు చెప్పినట్టు, అడిగితే ముసలావిడ కూడా "అలాగే అంటారు" అంటుంది. మూడో అధ్యాయం మొదటి వాక్యం ఇప్పుడిలా ఉంది:

"వరొస్త్‌న్ రతర్ మా నెస్."

వంటింట్లో నిప్పు లేదు. చివర న్ అన్నది ఒస్త్‌నెలోని నె అరిగిపోగా మిగిలింది. మా అంటే లేదు, సంస్కృతంలో వద్దు అనే మా దానికి చుట్టమే. నెస్ పాత నెసెం. తెలిసినవాడు చదివితే నిప్పు ఇంట్లో ఎర్రది లేదు, తెలియనివాడు చదివితే నీళ్ళ ఇంట్లో ఎర్రది లేదు.

అంకెలు ఇంకా తేలలేదు. గొర్రెలకి శక్ (పది) దాకా పాతవి, యువాన్లకి ఉయ్‌ఘుర్‌వి అని పెట్టాను. పెళ్ళి కట్నంలో గొర్రెలూ డబ్బూ రెండూ ఉంటే ఎలా లెక్కపెడతారో తెలియక ఆరో అధ్యాయం ఆగిపోయింది. తమ్ముడూ, మీ తండాలో అలాంటప్పుడు ఏ లెక్క వాడేవారు?

గోర్ పిల్లగాడు:

నాయనమ్మ లేదక్కా ఇప్పుడు. యాడిని అడిగి ఆదివారం చెప్తా.